ప్రళయమును ఫలమును

“ఏది జరిగినను మన మంచికే” అను మాట మనవారి నోట తరచుగా వినవచ్చును. పంట పోయినను అదే మాట. ఇంటి పెద్ద పోయినను అదే మాట. పరామర్శకు వచ్చినవాడు అరుగు మీద కొంతసేపు కూర్చుండి, పైపంచెతో ముఖము తుడుచుకొని, మరేమియు తోచక ఆ మాట పలికి లేచిపోవును. దుఃఖములో నున్నవారికి అది చల్లని మాటయే. దానిని మేము తప్పు పట్టము. కాని ఊరడింపునకై పుట్టిన మాట మెల్లమెల్లగా సిద్ధాంతమై పీట వేసికొని కూర్చున్నపుడు చిక్కు వచ్చుచున్నది. ఒక ఉపద్రవము జరిగెను. దాని వలన తరువాతివారికి లాభము కలిగెను. అంతమాత్రమున ఆ ఉపద్రవము మంచిదని చెప్పవచ్చునా? కష్టపడినవారు ఒకరు, సుఖపడినవారు మరియొకరు అయినపుడు ఈ జమాఖర్చు ఏ పుస్తకములో వ్రాయవలెను?

మేము ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, ముప్పదియైదేండ్లు కచేరిలో గుమాస్తాగిరి చేసినవారము. వేదాంతము మా పని కాదు. అయినను జమ, ఖర్చు అను రెండు మాటలు మాకు తెలియును. ఈ ప్రశ్న మమ్ము మొదట పట్టుకొన్నది మేలూరులో కాదు. సముద్రముల కవతల, అమెరికా దేశపు వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రములో, ఒక ఎడారి వనమున. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత అది మరింత గట్టిగా పట్టుకొన్నది. అందుచేత ఈ సంచికలో దానిని మన సంఘమువారి యెదుట పెట్టుచున్నాము.

మా అబ్బాయి సియాటిల్ నగర ప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. బిడ్డల యింటికి అమెరికా పోయిన తల్లిదండ్రుల దినచర్య మన పాఠకులలో పలువురికి అనుభవమే గనుక దానిని వర్ణింపము. ఒక సెలవుదినమున మమ్ము కారులో తూర్పు దిక్కునకు తీసికొనిపోయిరి. కాస్కేడ్ పర్వతములు దాటినంతనే లోకము మారిపోయినది. ఆకాశము నంటు పచ్చని వృక్షములు పోయి, బూడిదరంగు పొదలును నల్లని రాళ్ళును కానవచ్చినవి. సముద్రము మీది మబ్బులు పర్వతముల పడమటి వైపుననే తమ నీరంతయు కుమ్మరించి తూర్పున వట్టిచేతులతో దిగును. సియాటిల్‌లో ఏటికి సుమారు 38 అంగుళముల వాన. ఈ ఎడారిలో పది అంగుళములకు లోపు. మధుర జిల్లావారికి ఇది క్రొత్త సంగతి కాదు. మన పడమటి కనుమలు మనయెడ చేయుచున్న పక్షపాతము ఇదియే గదా! ఆషాఢమాసమున కేరళము తడిసి ముద్దయగుచుండ, కొండకు ఇవతలివాడు మబ్బు నీడను చూచి తృప్తిపడవలసినదే.

మేము పోయిన వనము పేరు సన్ లేక్స్–డ్రై ఫాల్స్. డ్రై ఫాల్స్ అనగా ఎండిన జలపాతము. అది యున్న లోయ పేరు గ్రాండ్ కూలీ. ఈ పేరు వినగానే మా యింటిది “పెద్ద కూలివాడా?” అని నవ్వినది. ప్రవహించుట అను అర్థముగల ఫ్రెంచి మాట నుండి అది వచ్చినది. మన కూలికిని దానికిని చుట్టరికము లేదు. అయినను ఈ కూలి మాట ముందు మనకు పనికివచ్చును గనుక పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరెదము.

బాట ప్రక్కన కొండ అంచున కటకటాలు కట్టియున్నారు. వాటిని పట్టుకొని క్రిందికి చూచితిమి. 400 అడుగుల లోతున నిట్టనిలువుగా నల్లరాతి గోడ. ఆ గోడ గుఱ్ఱపు లాడములవలె వంపులు తిరుగుచు 3½ మైళ్ళ వెడల్పున సాగియున్నది. నయాగరా జలపాతమునకు ఎత్తులో రెండింతలకు మించును, వెడల్పులో ఐదింతలు. కాని ఒక్క చుక్క నీరు పడుటలేదు. అడుగున చిన్న చిన్న మడుగులు, వాటి చుట్టు తుంగ. గాలి తప్ప వేరు చప్పుడు లేదు. కుర్తాళములో వేసవిని ఎండిన బండను మేము చూచినాము. అది ఆని మాసము రాగానే మరల తడియునని తెలియును గనుక ఆ యెండిన బండ మనసును కలచదు. ఇక్కడి జలపాతము పదునైదు వేల ఏండ్లుగా ఎండియున్నది. మా మనుమడు “తాతా, నీళ్ళెక్కడ?” అని అడిగినాడు. ఆ బిడ్డ అడిగిన ప్రశ్ననే పెద్దపెద్ద శాస్త్రజ్ఞులు నలువది ఏండ్లు అడిగినారని తరువాత తెలిసికొంటిమి.

సంగతి యిది. భూమి మిక్కిలి చల్లబడియున్న కాలములో ఉత్తరమునుండి మంచు పలకలు దక్షిణమునకు జరిగి వచ్చినవి. వాటిలో ఒక పాయ, నేటి ఐడహో రాష్ట్రమున, క్లార్క్ ఫోర్క్ అను నదికి అడ్డుగా పడినది. అది సుమారు 2,000 అడుగుల ఎత్తుగల మంచు ఆనకట్ట. దాని వెనుక మొంటానా లోయలలో నీరు నిలిచి మిసూలా అను మహా సరస్సు ఏర్పడినది. అందలి నీరు సుమారు 500 ఘనమైళ్ళు. మంచు నీటిపై తేలు వస్తువు. నీరు తగినంత ఎక్కగానే ఆనకట్ట అడుగు లేచి, పగిలి, సరస్సు అంతయు కొలది దినములలో ఖాళీ అయినది. ఆ ప్రవాహము నేటి లోకములోని నదులన్నిటి ప్రవాహమునకు పదింతలని లెక్క కట్టినారు. అది పై మన్ను ఊడ్చి, క్రింది నల్లరాతిని స్తంభములు స్తంభములుగా పెకలించి, ఈ లోయలను చెక్కినది. జలపాతము సయితము ఉన్నచోట ఉండక, తన అంచును తానే విరుచుకొనుచు మైళ్ళకొలది వెనుకకు నడచినది. ఇది ఒక్కమారు జరిగినది కాదు. మంచు మరల అడ్డుపడుట, సరస్సు మరల నిండుట, మరల తెగుట. సుమారు 18 వేల ఏండ్ల నుండి 15 వేల ఏండ్ల క్రిందటి వరకు అనేక పదుల సార్లు జరిగినది. మన పురాణములలో ప్రళయము కల్పాంతమున వచ్చును. ఇక్కడ అది తరతరమునకు వచ్చినది.

ఈ కథను మొదట చెప్పినవాడు జె హార్లెన్ బ్రెట్జ్. ఒకప్పుడు సియాటిల్‌లో బడిపంతులుగా పనిచేసి, పిదప భూగర్భశాస్త్రము చదివి ఆచార్యుడైనవాడు. ఆయన ఈ ఎడారిలో కాలినడకను తిరిగి, 1923లో, ఈ నేలను చెక్కినది ఒక మహాప్రవాహమని ప్రకటించెను. పండితులు ఒప్పుకొనలేదు. భూమి మీది మార్పులన్నియు ఏండ్లు పూండ్లు పట్టి మెల్లగా జరుగునని వారి నమ్మకము. అకస్మాత్ ప్రళయ మన్నచో పాత మతగ్రంథముల కథలు శాస్త్రములో దూరునేమోయని వారికి భయము. 1927లో వాషింగ్టన్ రాజధానిలో సభ పెట్టి ఆయనను నిలదీసిరి. వారడిగిన ముఖ్యమైన ప్రశ్న, ఇంత నీరు ఎక్కడిది? మా కచేరి భాషలో చెప్పవలెనన్న, బిల్లు వచ్చినది గాని వోచరు లేదు. వోచరు పార్డీ అను మరియొక శాస్త్రజ్ఞుని వద్ద నుండెను. మిసూలా సరస్సును గూర్చి ఆయన 1910లోనే వ్రాసియుండెను. ఆ సరస్సు ఒక్కుమ్మడిగా తెగి పారినదనుటకు గుర్తులను 1940లో సభ ముందు పెట్టెను. 1965లో పలుదేశముల శాస్త్రజ్ఞులు స్వయముగా ఆ నేల చూచి, బ్రెట్జ్ చెప్పినది నిజమని ఆయనకు తంతి పంపిరి. 1979లో, తొంబదియారేండ్ల వయస్సున, ఆయనకు పెన్‌రోజ్ పతకము వచ్చెను.

మాకు ఇందులో తోచిన విషయము వేరు. ఆ పండితులు దుష్టులు కారు. వారు జాగ్రత్తపరులు. లోకము నెమ్మదియైనదనియు, ఏ మార్పు వచ్చినను కొలతకు లొంగి వచ్చుననియు నమ్మినవారు. “ఏది జరిగినను మంచికే” అనువానికిని “ఏది జరిగినను మెల్లగానే” అనువానికిని మనసులో ఉన్నది ఒక్కటే కోరిక. నాశనము నాశనముగా కంటబడకూడదను కోరిక.

కటకటాల యొద్ద నిలిచియుండగా మా కుటుంబములోనే ఒక వాదము పుట్టినది. మాతో వచ్చిన మా కోడలి పెదనాన్న కుమారుడు ఇంజనీరు. అతడు చెప్పినది ఇది: “మామయ్యా, ఈ వరద రాకపోయి ఉంటే ఈ లోయ లేదు. ఈ లోయ లేకపోతే ఇప్పుడు ఇక్కడ జలాశయమే లేదు. అంతా మంచికే గదా!” అతడు చెప్పిన జలాశయము ఆ ప్రక్కనే ఉన్నది. దాని పేరు బ్యాంక్స్ లేక్. 27 మైళ్ళ పొడవు. కొలంబియా నది మీద 1933 మొదలు 1942 వరకు కట్టిన గ్రాండ్ కూలీ ఆనకట్ట వద్ద, నీటిని 280 అడుగులు పైకి తోడి, ప్రాచీన వరద చెక్కిన ఆ పొడిలోయలోనికి వదలుదురు. అక్కడినుండి కాలువలలో పారి సుమారు ఆరు లక్షల డెబ్బదివేల ఎకరముల ఎడారిని తడుపుచున్నది. ఆలుగడ్డ, గోధుమ, పండ్ల తోటలు. కన్నుల పండువుగా ఉన్నది; లేదనము.

మేము అతనికి అప్పుడు జవాబు చెప్పలేదు. జవాబు ఒకటి ఆ దేశపు పటములోనే కలదు. వరద ఊడ్చుకొనిపోయిన మన్ను గాలిలో కలియలేదు. దానిలో కొంత మూడువందల మైళ్ళ దిగువన, ఓరెగాన్ రాష్ట్రమందలి విలామెట్ లోయలో పేరుకొన్నది. ఆ లోయ నేడు మిక్కిలి సారవంతము. ఎగువను మాత్రము ఈనాటికిని వట్టి నల్లరాయి. అనగా ఒకరి పొలము కొట్టుకొనిపోయి మరియొకరి పొలమునకు ఎరువైనది. విలామెట్ రైతు ఈ వరద మంచిదనును. కూలీ లోయకు నోరున్నచో ఏమనును? మంచిది అను మాటకు ముందు ‘ఎవరికి’ అను మాట వేయక పలుకరాదు. ఆ ‘ఎవరికి’ని మ్రింగివేయుటయే ఈ లోకోక్తిలోని దోషము.

అయినను వరదకు మనసు లేదు. పదునైదు వేల ఏండ్ల క్రిందటి మంచుగడ్డ ఎవరికిని కీడు తలపెట్టలేదు, ఎవరికిని మేలు తలపెట్టలేదు. దానిని నిందించుట వెఱ్ఱి. నిందించుట వెఱ్ఱియైనచో మెచ్చుకొనుటయు వెఱ్ఱియే. దానియెడ కృతజ్ఞత లేదు, కోపము లేదు. ఉన్నది ఆశ్చర్యము మాత్రమే. ఇంతవరకు చిక్కులేదు. చిక్కు వచ్చునది మనుష్యులు చేసిన వరదను గూర్చి మాటలాడునపుడు.

ఆ గ్రాండ్ కూలీ ఆనకట్టను కూడ చూచితిమి. 550 అడుగుల ఎత్తు, దాదాపు మైలు పొడవు. దాని వెనుక నిలిచిన నీటిలో కెటిల్ జలపాతము మునిగిపోయినది. కొలంబియా నదిలో సముద్రమునుండి ఎదురీదివచ్చు సాల్మన్ చేపలను ఆ జలపాతము వద్ద ఆదివాసులు వేలయేండ్లుగా పట్టుకొని జీవించిరి. కాల్విల్, స్పోకేన్ మొదలైన జాతులవారికి అది కచేరి, సంత, దేవాలయము కూడ. ఆనకట్ట అంత ఎత్తు గనుక చేపలు ఎక్కుటకు మెట్లు పెట్టలేదు. 1940 జూన్ మాసమున పలుజాతులవారు వేలమంది ఆ జలపాతము వద్ద చేరి మూడు దినములు దుఃఖోత్సవము జరిపిరి. దానికి కన్నీటి ఉత్సవమని పేరు. పిదప నీరు ఎక్కినది. ఊళ్ళు మారినవి, పెద్దల సమాధులను త్రవ్వి వేరుచోటికి తరలించిరి. కాల్విల్ వారికి పరిహారము ఏర్పాటైనది 1994లో. స్పోకేన్ వారికి దానిని గూర్చిన చట్టము వచ్చినది 2019లో. మునిగినవారిలో ఎందరు అప్పటికి మిగిలియుందురో పాఠకులే లెక్క వేసికొనవచ్చును.

ఈ రెండు వరదలును ఒకే లోయలో ఒకదానిపై ఒకటి ఉన్నవి. ఒకటి చెక్కినది, మరియొకటి నిండినది. కాని రెంటిని ఒకే మాటతో చెప్పరాదు. మొదటిదానికి కర్త లేడు, రెండవదానికి కలడు. అయితే కర్త యైనవాడు తాను కర్తనని చెప్పుకొనడు. ‘అభివృద్ధి వచ్చినది’ అనును, వాన వచ్చినట్లు. ‘ఊళ్ళు మునిగినవి’ అనును, తమంతట తామే మునిగినట్లు. ముప్పదియైదేండ్లు ఫైళ్ళు చూచిన మాకు ఈ వాక్యములు బాగుగా పరిచితములు. ‘భూమి సేకరింపబడినది’, ‘అభ్యంతరములు పరిశీలింపబడినవి’. చేసినవాని పేరు ఆ వాక్యములో ఎక్కడను ఉండదు. మనుష్యుడు చేసిన పనికి ప్రకృతి వేషము వేయుట ఇది. “ఏది జరిగినను మంచికే” అను మాటకు ఇట్టి చోట్లనే గిరాకి ఎక్కువ.

ఇప్పుడు ఆ కూలి మాటకు వత్తము. మన మేలూరునకు సమీపమున తిరువాదవూరు కలదు. మాణిక్యవాచకర్ పుట్టిన ఊరు. ఆయన కథలో వైగై నదికి వరద వచ్చును. పాండ్యరాజు, ఇంటికొక పాలుగా కట్ట వేయవలెనని పట్టణమంతటను చాటించెను. పిట్టు అమ్ముకొని బ్రతుకు వంది యను ముసలమ్మకు పాలు తీర్చుటకు మనిషి లేడు. సుందరేశ్వరుడే కూలివాడై వచ్చి, కూలి డబ్బులకు బదులు ఉదిరిన పిట్టు చాలునని చెప్పి, తట్ట నెత్తికెత్తుకొనెను. కాని పని సరిగా చేయక, పిట్టు తిని, ఆడి పాడి నిద్రపోయెను. రాజునకు కోపము వచ్చి బెత్తముతో వీపున కొట్టెను. ఆ దెబ్బ రాజు వీపు మీదను, రాణి వీపు మీదను, మంత్రుల మీదను, ఊరిలో ప్రతివాని మీదను పడెను. నేటికిని మధురలో ఆవణి మూలోత్సవమున పిట్టు పండుగ జరుపుదురు. చిన్ననాటినుండి ఆ పండుగకు పోయి పిట్టు తిని వచ్చుచుంటిమి గాని, ఆ కథ ఇంత దూరము పోవునని అమెరికాలో గాని మాకు తోచలేదు.

కథలో రెండు న్యాయములున్నవి. వరద కర్తలేనిది గనుక దాని బరువు ఇంటికొక పాలు. దెబ్బ కర్తయున్నది గనుక అది ఒక్కని వీపున పడినను అందరి వీపులును మండవలెను. కథలో మండినవి. లోకములో మండుటలేదు. కెటిల్ జలపాతము మునిగిననాడు సియాటిల్‌లో దీపములు వెలిగినవి. అక్కడ ఎవని వీపును చురుక్కుమనలేదు. దేవుడు కథలో చేసిన పని లోకములో మనుష్యులు తెలిసి చేసికొనవలసి వచ్చుచున్నది. అది ఎంత కష్టమో ఇప్పుడు మా యింటి లెక్కనే తీసి చూపెదము.

మేలూరు తాలూకా ఒకప్పుడు చెఱువు నిండిన తినుట, లేకున్న పస్తుండుట. 1876–78 నాటి కరవు చెన్నపట్టణపు రాజధానినంతయు పీల్చి పిప్పిచేసినది. ఆ పిమ్మట, తిరువిదాంకూరు సంస్థానముతో 1886లో 999 ఏండ్ల కౌలు వ్రాసికొని, పడమటికి పారు పెరియారు నదికి కొండలలో ఆనకట్ట కట్టి, కొండను సుమారు 5,700 అడుగులు తొలిచి, నీటిని తూర్పునకు త్రిప్పిరి. పెన్నీక్విక్ దొర ఆ పని నడిపెను. 1895 అక్టోబరు 10వ తేదీన గవర్నరు వెన్‌లాక్ ప్రభువు దానిని ప్రారంభించెను. ఆ నీరు వైగైలో కలిసి, పేరణై వద్ద కాలువ కెక్కి, మేలూరు వరకు వచ్చును. మనము కాలువ చివరివారము. ఒక కారు పంటకు మాత్రమే హక్కుదారులము. మేము పనిచేసిన కచేరికి వచ్చు అర్జీలలో సగము దీనిని గూర్చియే. కాలువ మొదటనున్నవాడు నీరు చాలునని వ్రాయును, చివరనున్నవాడు చుక్క రాలేదని వ్రాయును. ఇద్దరును నిజమే చెప్పుదురు.

ఈ నీటికి మూల్యమెవరు చెల్లించిరి? అడవిలో మలేరియా తగిలి కూలివారు వందలకొలది చచ్చిరి. పెన్నీక్విక్ దొర జన్మదినమని జనవరి 15న కంబము లోయలో పొంగలి పెట్టుదురు. 2013లో ఆయనకు స్మారకమందిరము కూడ తెరచిరి. సంతోషమే. ఆ కూలివారిలో ఒక్కని పేరైనను మాకు ఎవరును చెప్పలేదు. ఆ కౌలు పరాయి ప్రభుత్వము ఒక సంస్థానము చేత వ్రాయించుకొన్నది. ఆనకట్టకు దిగువన కేరళములో ఉన్నవారు, సున్నము, సుర్ఖితో కట్టిన ఆ పాత కట్టడము తెగునేమోయని వాన పడిన రాత్రులలో నిద్రపోరు. 2014లో సర్వోన్నత న్యాయస్థానమైన సుప్రీంకోర్టు 142 అడుగుల మట్టము వరకు నీరు నిలుపవచ్చునని తీర్పు చెప్పినది. న్యాయము ప్రకారము మన నీరు మనదే. కాని తీర్పు వీపును తాకదు. దిగువనున్న తల్లి భయము తప్పో ఒప్పో, భయము భయమే గదా.

మరియొక పాత లెక్క కూడ కలదు. మనము ఇక్కడికి ఎట్లు వచ్చితిమి? 1529లో విశ్వనాథ నాయకుడు మధుర పాలనకు వచ్చిన పిదప రెండువందల ఏండ్లు ఇక్కడ నాయకుల రాజ్యము. మా యింటి పెద్దలు చెప్పుకొను కథలో సేన ముందు, బండ్లు వెనుక. కొందరు కత్తితో వచ్చిరి, కొందరు నాగలితో, కొందరు తినుటకు లేక. మనము ఇక్కడ తెలుగు మాటలాడుచున్నామన్న, ఎప్పుడో ఒక యుద్ధపు వరద తెచ్చి ఈ గట్టున వేసిన మన్ను మనము. ఆ వరదలో ఎవరి చేను పోయినదో మన కథలలో లేదు. గెలిచినవారి కథలు అట్లే యుండును. ఇది సిగ్గుపడవలసిన విషయమని మేమనము. ముత్తాతల కత్తికి మునిమనుమడు నేరస్థుడు కాడు. కాని ‘మన పూర్వుల పరాక్రమము’ అని సంఘసభలలో ఉపన్యసించునపుడు, ఆ వాక్యమునకు రెండవ అర్ధభాగము కూడ ఒకటున్నదని జ్ఞాపకముంచుకొనుట మర్యాద.

అట్లని నీరు త్రాగుట మానవలెనా? మా అబ్బాయి ఇదే అడిగినాడు, ఆనాటి రాత్రి భోజనముల వద్ద. మానిన లాభమేమి? మనము త్రాగకున్నంతమాత్రమున చచ్చిన కూలివాడు లేచిరాడు. ఫలమును పారవేయుట గొప్ప త్యాగముగా కనబడును గాని, అది కూడ ఒక తప్పించుకొనుటయే. బాకీ ఉన్నవాడు అన్నము మానుటకంటె బాకీ తీర్చుట మేలు. తీర్చుటకు వీలులేని బాకీని పుస్తకములో కొట్టివేయక, ఏటేట ముందుకు తెచ్చి వ్రాయుట లెక్కల ధర్మము. ‘ప్రారంభపు నిలువ’ అని మొదటి పంక్తిలో వ్రాయుదుము గదా, అట్లు. “మంచికే జరిగినది” అన్నవాడు ఆ పంక్తిని కొట్టివేయుచున్నాడు. మా అభ్యంతరము అంతవరకే.

ఈ మాటలు మాకు వట్టి తర్కముగా మిగిలియుండునేమో గాని, మేము తిరిగి వచ్చిన తరువాత బెత్తము మన వైపునకే లేచినది. మేలూరునకు దగ్గర అరిట్టాపట్టి గుట్టలు కలవు. పాండ్యుల కాలపు గుహాలయము, జైనమునుల రాతిపడకలు, ఊటలు, డేగలు. 2022లో తమిళనాడు ప్రభుత్వము దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినది. రాష్ట్రమున అట్టివానిలో అదియే మొదటిది. 2024 నవంబరులో, నాయక్కర్‌పట్టి టంగ్‌స్టన్ గని అను పేరుతో, ఆ గుట్టలలో కొంతభాగమును చుట్టుపట్ల ఊళ్ళను కలిపి సుమారు 2,000 హెక్టారులను కేంద్రప్రభుత్వము ఒక సంస్థకు వేలములో ఇచ్చినది. టంగ్‌స్టన్ దేశమునకు కావలసిన లోహమే. దేశమంతటికి మేలు, నాలుగు ఊళ్ళకు కష్టము. అంతా మంచికే, అని మరల అదే మాట వినవచ్చినది. ఈ మారు వినవలసినవారము మనము.

చెప్పదగిన విషయమేమనగా, ఈసారి దెబ్బ ఒక్క వీపున పడలేదు. గుట్టలకు దూరమున నున్న ఊళ్ళవారు కూడ లేచిరి. అంగళ్ళు మూసిరి. 2025 జనవరి 7న వేలమంది మధురకు నడచి పోయిరి. ఆ కులమని ఈ కులమని, తమిళమని తెలుగని, ఎవరును అడుగలేదు. మా వీధిలో కీళ్ళనొప్పులతో గడప దాటని ముసలివారు సయితము ఆనాడు అరుగులెక్కి నిలిచిరి. ఆ నెల 23న కేంద్రప్రభుత్వము ఆ వేలమును రద్దు చేసినది. ఇది గెలుపని మేము సంబరపడితిమి. సంబరములో ఒకటి మాత్రము మనసున మెదలినది. ఆ లోహము కావలసినది గనుక మరియొకచోట, మరియొక గుట్టలో, మనవలె లేచి నడువలేనివారి ఊరిలో త్రవ్వుదురు. అప్పుడు మన వీపు మండునా? అరిట్టాపట్టికై మూసిన అంగడిని, పేరు తెలియని ఆ ఊరికై మూసెదమా?

కాల్విల్ జనులను గూర్చి ఆ పిమ్మట కొంత చదివితిమి. పరిహారపు సొమ్ము పుచ్చుకొని వారు ఊరకుండలేదు. 2019 ఆగస్టులో, గ్రాండ్ కూలీ ఆనకట్ట ఎక్కలేని సాల్మన్ చేపలను నీటితొట్లలో పెట్టి, లారీలలో మోసికొనిపోయి, ఆనకట్టకు ఎగువ నీటిలో వదలిరి. దాదాపు ఎనుబదేండ్లకు ఆ చేప ఆ నీటిలో ఈదినది. గట్టున వరుసగా నిలిచి, చేతినుండి చేతికి అందించి వదలిరి. వారిలో ముసలివారు, పసిపిల్లలు కూడ ఉండిరి. 2023లో అమెరికా ప్రభుత్వము ఈ పనికై ఇరువది ఏండ్లలో ఇరువది కోట్ల డాలర్లు ఇచ్చుటకు ఒడంబడిక చేసికొన్నది. ఆనకట్ట ఉన్నది, దీపములు వెలుగుచున్నవి, ఎడారిలో కాలువలు పారుచున్నవి. కెటిల్ జలపాతము మాత్రము నీటి క్రిందనే యున్నది.